తాళం తీసినది ఎవరు? – ఆన్‌లైను బ్యాంకు మోసాలపై ఒక పరిశీలన

విజ్ఞాన శాస్త్రం మానవునికి ప్రసాదించిన వరాలను గూర్చి ఈ సంచికలో మిత్రులు పలువురు వ్రాయగలరు. "నువ్వు ఫిజిక్సు విద్యార్థివి గదా, కృష్ణబిలాల మీద ఏదైనా వ్రాయి" అని సంపాదక మిత్రుడు నన్నడిగాడు. కృష్ణబిలంలో పడినది తిరిగి బయటకు రాదంటారు. మా ఇంటి డబ్బు సంగతి కూడా ఇంచుమించు అంతే కనుక నేను దానిని గూర్చే వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. అది దాచి వ్రాస్తే ఈ వ్యాసం వలన ఎవరికీ ప్రయోజనం లేదు.

మాది పల్నాడులో ఒక మిరప పల్లె. సొంత చేను ఎకరంన్నర, కౌలుకు మరో రెండెకరాలు. 2025లో మిర్చి ధర ఎట్లా పడిపోయిందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం కల్పించుకొని క్వింటాలుకు 11,781 రూపాయలని ధర ప్రకటించవలసి వచ్చింది. మా కాయ అంతకన్నా తక్కువకే పోయింది. ఇరవై టిక్కీలు గుంటూరు యార్డుకు వేస్తే ఖర్చులు పోను 76,000 రూపాయలు నాన్నగారి ఖాతాలో పడినవి. ఉగాదిలోగా కౌలు 50,000 కట్టాలి. మిగిలినది పురుగుమందుల కొట్టు బాకీకి.

ఆ సమయంలోనే మరొక చిక్కు వచ్చింది. పీఎం కిసాన్ 19వ విడత 2,000 రూపాయలు ఫిబ్రవరి 24న విడుదలైనవి. పక్కింటి వారికి పడినవి గాని మాకు పడలేదు. ఈ-కేవైసీ కాలేదన్నారు. మరో పది పన్నెండు రోజులకు ఊరి వాట్సాపు గ్రూపులో, బాగా తెలిసిన మనిషి నంబరు నుండి ఒక సందేశం వచ్చింది: 'ఈ-కేవైసీ చేయని రైతులకు ఇకపై డబ్బు నిలిపివేయబడును, ఈ రోజే ఆఖరు.' దాని కింద ఒక యాప్ ఫైలు ఉన్నది. పంపిన ఆయనకు ఆ సంగతే తెలియదు. ఆయన ఫోను అప్పటికే మోసగాళ్ళ చేతిలో ఉన్నదని తరువాత బయటపడింది.

నేను హాస్టలు గదిలో ప్రాక్టికల్ పరీక్షకు రికార్డు పూర్తిచేసుకుంటున్నాను. నాన్నగారు ఫోను చేశారు.

"అబ్బాయ్, కిసాన్ డబ్బులకి కేవైసీ అంట. తెలుగులోనే ఉంది. నొక్కమంటావా?"

"నొక్కు నాన్నా, ఏం గాదు" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకు రెండు సెకన్లు పట్టి ఉంటుంది. రికార్డులో లోలకం గ్రాఫు గీస్తూ చెప్పాను.

ఆయన నొక్కారు. యాప్ దిగింది. పచ్చని చేను బొమ్మ, చక్కని తెలుగు. ఆధార్ నంబరు అడిగింది, బ్యాంకు కార్డు నంబరు అడిగింది, దాని గడువు నెల, పిన్ను అడిగింది. కార్డు పట్టాదారు పాసు పుస్తకం అట్టలో ఉంటుంది. అమ్మ తెచ్చి ఇస్తే ఒక్కొక్క అంకె చూసి కొట్టారు. మధ్యలో 'ఈ యాప్‌కు మీ మెసేజీలు చదివే అనుమతి ఇస్తారా?' అని ఫోనే అడిగింది. అన్నిటికీ సరే అన్నట్టే దానికీ సరే అన్నారు. రాత్రి 7.50కి 25,000, 7.56కి 23,500 పోయినవి. ఫోను రెండుసార్లు టింగుమన్నది. మెసేజీలు ఇంగ్లీషులో ఉన్నవి. ప్రకటనలనుకొని ఫోను గూట్లో పెట్టి పడుకున్నారు. మర్నాడు పొద్దున్న పాలకు వచ్చిన కుర్రవాడు చదివి చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొత్తం 48,500 రూపాయలు, అనగా సుమారు పదమూడు టిక్కీల కాయ. ఎండలో ఆ కాయ కోసిన కూలీలలో మా అమ్మ కూడా ఒకరు.

తరువాత నేను ఈ విషయాన్ని పాఠంలాగా చదవడం మొదలుపెట్టాను. బ్యాంకు తాళం అంత బలహీనమైనదా అన్నది నా మొదటి సందేహం. లెక్క వేసి చూడండి. ఓటీపీ ఆరు అంకెలది. 000000 నుండి 999999 వరకు సరిగ్గా పది లక్షల సంఖ్యలు సాధ్యం. మూడు ప్రయత్నాలు ఇచ్చినారనుకుందాం. దొంగ గుడ్డిగా కొట్టి గెలిచే అవకాశం పది లక్షలలో మూడు మాత్రమే. పైగా కొద్ది నిమిషాలలో ఆ సంఖ్య చెల్లకుండా పోతుంది. 2009 ఆగస్టు నుండి మన దేశంలో కార్డు చూపకుండా ఆన్‌లైనులో చెల్లించాలంటే ఇటువంటి రెండవ తాళం ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. కనుక తాళం గట్టిదే. దొంగ తాళం జోలికి పోడు. ఇంట్లో వాళ్ళ చేతనే తీయిస్తాడు. మా ఇంట్లో తీసినది నాన్నగారు, తీయమన్నది నేను.

వాట్సాపులో వచ్చిన ఆ ఫైలు పేరు చివర 'డాట్ ఏపీకే' అని ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులో ఏ యాప్ అయినా ఆ రూపంలోనే ఉంటుంది. ప్లే స్టోరు నుండి దిగినదైతే లైసెన్సు ఉన్న కొట్టులో కొన్న విత్తనం వంటిది. (ఆ కొట్టులోనూ అప్పుడప్పుడు నకిలీలు దొరకకపోవు. కానీ అడగడానికి ఒక కొట్టంటూ ఉంటుంది.) ఫైలుగా చేతికి వచ్చినది గట్టు మీద ఎవడో సంచి విప్పి అమ్మిన లూజు విత్తనం. నకిలీ విత్తనంతో దెబ్బతిన్న ఊరు మాది. లేబులు లేని సంచి తాకని మా నాన్నగారు, లేబులు లేని యాప్ తీసుకున్నారు. ఎందుకంటే యాప్‌కు కూడా లేబులు ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అసలు పీఎం కిసాన్ యాప్ ప్లే స్టోరులోనే ఉన్నది. ముఖం చూపి ఈ-కేవైసీ చేసుకొనే వీలు 2023 నుండి అందులో కలదు. అది నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

మెసేజీలు చదివే అనుమతి అనునది ఇందులో అసలు కిటుకు. కార్డు నంబరు, పిన్ను వాళ్ళకు మనమే వ్రాసి ఇచ్చాము. ఇక మిగిలినది ఓటీపీ. అది నాన్నగారి ఫోనుకు వస్తుంది. ఫోనులో కూర్చున్న యాప్ దానిని చదివి అదే క్షణంలో అవతలి వాడికి పంపుతుంది. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదురా" అని నాన్నగారు ఇప్పటికీ అంటారు. నిజమే, ఆయన చెప్పలేదు.

ఇక ఈ-మెయిలు సంగతి. మన తరగతిలోనే ముగ్గురికి 'స్కాలర్‌షిప్ మంజూరైనది, ఖాతా వివరాలు పంపండి' అని మెయిళ్ళు వచ్చినవి. పంపినవారి చోట ప్రభుత్వ శాఖ పేరు ఉన్నది గనుక నిజమనుకున్నారు. మెయిలు ఒక చోటు నుండి మరొక చోటికి పోవడానికి వాడే ఎస్.ఎం.టి.పి. అను పద్ధతిని 1982లో నిర్ణయించారు. అప్పుడు ఆ వలలో ఉన్నవారు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగిన పరిశోధకులు. అందుచేత పంపినవాడు నిజంగా వాడేనా అని పరీక్షించే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఇన్‌లాండు కవరు వెనుక 'ఫ్రం' అని ఉన్నచోట ఎవరైనా కలెక్టరు గారి పేరు వ్రాసి డబ్బాలో వేయవచ్చు, పోస్టుమాను తెచ్చి ఇస్తాడు. మెయిలు కూడా అంతే. పరీక్షలు తరువాతి కాలంలో కొన్ని చేర్చారు గాని వాటిని అందరూ సరిగా అమర్చుకోరు. కనుక పైన కనబడే పేరును బట్టి నమ్మరాదు.

లింకును చదవడం మరొక విద్య. దీనిని కూడా పోస్టు చిరునామాతో పోల్చి చెబితే మా ఊళ్ళో తేలికగా అర్థమైంది. మన చిరునామాలో మొదట ఇంటి పేరు, తరువాత వీధి, ఊరు, మండలం, చివర జిల్లా. ఉత్తరం ఎటు పోవాలో తేల్చేది చివరి వరుస. 'గుంటూరువారి వీధి, విజయనగరం' అని వ్రాస్తే ఆ ఉత్తరం గుంటూరు పోదు. లింకులో కూడా మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న ఆఖరి రెండు మూడు ముక్కలే చూడాలి. 'మీబ్యాంకు డాట్ కామ్ డాట్ కేవైసీనవీకరణ డాట్ టాప్' అని ఉన్నదనుకోండి. మీ బ్యాంకు పేరు ముందర కనబడుతున్నది, కానీ అది వీధి పేరు మాత్రమే. ఊరు 'కేవైసీనవీకరణ డాట్ టాప్', దాని యజమాని ఎవడో మనకు తెలియదు. ఈ గందరగోళం తగ్గించడానికే 2025 అక్టోబరు 31 లోగా మన బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసే పని హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు అప్పగించారు. బ్యాంకు కానివాడికి ఆ పేరు ఇవ్వరు. ఇది నాకు నచ్చిన పని.

చదువురానివారే ఈ ఉచ్చులో పడతారని మనలో చాలామంది అనుకొంటారు. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కథ వినండి. 2015 జనవరిలో ఆ బ్యాంకు ఉద్యోగులకు ఉద్యోగం కోరుతున్న ఒక అభ్యర్థి పేరుతో మెయిళ్ళు వచ్చినవి. దరఖాస్తు చూడాలంటే లింకు నొక్కాలి. కొందరు నొక్కారు. దొంగలు అక్కడి కంప్యూటర్లలో ఏడాది పాటు చడీచప్పుడు లేకుండా కూర్చున్నారు. 2016 ఫిబ్రవరి 4వ తేదీ గురువారం రాత్రి న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకులో ఉన్న బంగ్లాదేశ్ సొమ్ము నుండి సుమారు 95 కోట్ల డాలర్లు పంపమని ఆదేశాలు ఇచ్చారు. బంగ్లాదేశ్‌లో శుక్రవారం సెలవు. అమెరికాలో ఆ తరువాత శని, ఆదివారాలు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయినవి. శ్రీలంకకు వెళ్ళిన మరో రెండు కోట్ల డాలర్లు మాత్రం 'ఫౌండేషన్' అన్న మాటకు స్పెల్లింగు తప్పు వ్రాసినందున అనుమానం వచ్చి ఆగినవి. దేశపు ఖజానా కాపలాదార్లకే అట్లా జరిగినది. ఈ కథ నేను ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సెలవు రోజు చూసి కొట్టారన్నమాట. మనకీ బ్యాంకు మూసినాకే గదా కొట్టింది" అన్నారు. నేను ఆ పోలిక గమనించలేదు. ఆయన గమనించారు.

మా హాస్టలులో ఒక మిత్రుడు పాత సైకిలు అమ్మజూపాడు. కొనేవాడు ఫోనులోనే బేరం కుదిర్చి, "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టు, డబ్బు నీకు పడుతుంది" అన్నాడు. కొట్టాడు, 3,000 పోయినవి. 2016లో మొదలైన యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ను ఎన్నడూ అవసరం లేదు. పిన్ను అడిగిందంటే మన దగ్గర నుండి పోతున్నదని అర్థం. ఇంత చిన్న సంగతి ఎం.ఎస్సీ. చదివేవాడికి ఆ నిమిషంలో తట్టలేదు. 'డిజిటల్ అరెస్టు' అని వీడియోలో పోలీసు బట్టలు చూపి భయపెట్టే వారి పని కూడా ఇదే రకం. మన దేశ చట్టంలో అట్లాంటి అరెస్టు లేదు. ఒకడు ఆశ పెడతాడు, ఒకడు భయం పెడతాడు, ఇద్దరూ తొందర పెడతారు.

వేలిముద్ర గూర్చి రైతుబిడ్డలు ప్రత్యేకం తెలిసికోవాలి. ఆధార్ ద్వారా డబ్బు తీసే పద్ధతిలో కార్డు అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. పల్లెలో ముసలివారికి అది మేలే. కానీ మన వేలిముద్రలు ఎక్కడ ఉన్నవి? భూమి రిజిస్ట్రేషను కాగితాల మీద ఉన్నవి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒకడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజులు దింపుకొని, వాటి మీది ముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేలాది సిమ్ కార్డులు చేయించి పట్టుబడ్డాడు. అందుచేత ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకొనే సదుపాయం ఉన్నది, ఆధార్ యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని చేయవచ్చు. కావలసినప్పుడు తీసుకొని మళ్ళీ వేసుకోవచ్చు. మా ఇంట్లో అందరికీ వేశాను.

ఇప్పుడు దెబ్బ తగిలిన తరువాతి సంగతి. పొద్దున్న ఏడు గంటలకు నాకు కబురు తెలియగానే 1930కి ఫోను చేశాను. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, మెసేజీలోని లావాదేవీ నంబరు అడిగారు. ఫిర్యాదు నంబరు మెసేజీగా ఇచ్చారు. దానిని పట్టుకొని కేంద్ర హోం శాఖ వారి సైబర్ క్రైం వెబ్‌సైటులో వివరాలు పూర్తిచేశాను. ఇది కాలువకు గండి పడినప్పుడు చేసే పని వంటిది. గండి దగ్గర నిలబడి ఏడ్చి లాభం లేదు, కింది తూములు మూయించాలి. మన సొమ్ము ఏ ఖాతాకు పోయిందో ఆ బ్యాంకుకు వెంటనే కబురు వెళ్ళి, అక్కడ ఇంకా మిగిలి ఉన్నది నిలిపివేస్తారు. అప్పటికే వేరే ఖాతాలకు పోతే దాని వెంట పోతారు. ఏటీఎంలో తీసేస్తే ఇక చేసేది లేదు. మాకు పదకొండు గంటలు ఆలస్యమైంది. నిలిచినది 11,200. రాత్రి ఎనిమిది గంటలకే ఎవరైనా ఆ ఇంగ్లీషు ముక్క చదివి చెప్పి ఉంటే ఎంత నిలిచేదో!

తరువాత నాన్నగారు, నేను బ్యాంకుకు వెళ్ళాము. "కార్డు నంబరు, పిన్ను మీరే ఇచ్చారు కదండీ పెద్దాయనా, మా బాధ్యత ఎట్లా అవుతుంది?" అన్నారు మేనేజరు గారు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు నేను చదువుకొని వెళ్ళాను. తప్పు బ్యాంకుది గాక, ఖాతాదారుది గాక మూడవ చోట జరిగి, మూడు పనిదినాలలో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదని అందులో ఉన్నది. రహస్యం ఖాతాదారే ఇచ్చి ఉంటే, తెలియజేసే వరకు పోయినది అతనిదే, తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకుది. కనుక మేనేజరు గారు చెప్పినది రూలు ప్రకారం తప్పని నేననలేను. అయినా ఫిర్యాదు కాగితం మీద వ్రాసి ఇచ్చి, తేదీ, సమయంతో రసీదు అడిగి తీసుకున్నాను. మిత్రులు కూడా అట్లా చేయాలి. కౌంటరు దగ్గర నోటితో చెప్పి వచ్చినదానికి రేపు సాక్ష్యం ఉండదు. ఒక్క మాట మాత్రం అడగాలనిపించి అడిగాను: తెలుగు తప్ప రాని ఖాతాదారుకు డబ్బు పోయిందన్న కబురు ఇంగ్లీషులో ఎందుకు పంపుతారు? ఆయన నవ్వి, అది పైనుండి వస్తుందన్నారు.

ఇంతకంటె నన్ను బాధపెట్టిన విషయం పోలీసు స్టేషనులో తెలిసింది. మా 48,500 మొదట చేరిన ఖాతా ఏ దొంగల నాయకుడిదో కాదు, వేరే రాష్ట్రంలో డిగ్రీ చదువుతున్న కుర్రవాడిది. తన ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము కొంత డబ్బుకు ఎవరికో ఇచ్చాడట. ఇటువంటి వాటిని 'మ్యూల్' ఖాతాలంటారు, అనగా కంచరగాడిద. ఎవరి బరువు మోస్తున్నదో దానికి తెలియదు. కానీ ఖాతా ఎవరి పేరున ఉన్నదో పోలీసులు మొదట వారి ఇంటికే వస్తారు. ఆ కుర్రవాడి తండ్రి కూడా రైతేనేమో, ఏమో. ఇది ఎందుకు వ్రాస్తున్నానంటే, క్రిందటి ఏడు మన హాస్టలులోనే 'ఖాతా వాడుకోనిస్తే నెలకు 5,000 ఇస్తాం, ట్రేడింగు కంపెనీ' అని ఒకరు అడుగుతూ తిరిగారు. నన్నూ అడిగారు. వద్దన్నాను గాని అది జ్ఞానం వలన కాదు, నా ఖాతాలో కనీస నిల్వ కూడా లేదని సిగ్గుపడి వద్దన్నాను. ఒప్పుకున్నవారు ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్ళి ఆ ఖాతా మూయించి, వ్రాతపూర్వకంగా సంగతి చెప్పండి.

ఉగాదికి కౌలు సగమే ఇచ్చాము. ఆసామి మంచివాడు, మిగిలినది రెండవ కోతకు ఒప్పుకున్నాడు. నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. నిలిపిన 11,200 విడిపించుకోవడానికి కోర్టు ఉత్తర్వు కావాలన్నారు. అర్జీ పెట్టాము, ఇంకా రాలేదు.

వేసవి సెలవులలో నాన్నగారికి ఇంగ్లీషులో రెండు మాటల ఆకారాలు నేర్పాను: డెబిట్, క్రెడిట్. పలక మీద వ్రాసి చూపిస్తే, "పొట్ట ముందుకున్నది పోయేది, నోరు తెరిచింది వచ్చేది" అని ఆయనే గుర్తు పెట్టుకున్నారు. రైతు సేవా కేంద్రంలో ఈ-కేవైసీ కూడా చేయించాము. ఆగస్టు 2న 20వ విడత పడిన రోజు ఫోను చేశారు.

"అబ్బాయ్, నోరు తెరిచిందే వచ్చింది. అయినా నువ్వొకసారి చూడు."

నేను ల్యాబులో ఉన్నాను. మైక్రోమీటరు పక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం చదవమన్నాను.